గొంతు నాదే... విడుదల ఎవరిది?

రాత్రి పదిన్నర. నార్సింగి దగ్గర ఔటర్ రింగు రోడ్డు దిగిన క్యాబులు అపార్టుమెంట్ల గేట్ల ముందు ఒక్కొక్కటిగా ఆగుతున్నాయి. దిగేవాళ్ల మెళ్లో కంపెనీ ఐడీకార్డు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. ఇంటికెళ్లి నాలుగు మెతుకులు తిని పడుకుంటారనుకుంటున్నారా? కొందరికి అసలు పని అప్పుడే మొదలవుతుంది! పడగ్గదిలో బీరువా తలుపులు బార్లా తెరిచి, వేలాడుతున్న చొక్కాల మధ్య మైకు నిలబెడతారు. ప్రతిధ్వని రాకుండా బట్టలు పీల్చేసుకుంటాయి మరి. ఫ్యాను ఆపేస్తారు. పక్క ఫ్లాటు పెద్దాయన నిద్ర లేవకుండా, చెమటలు కక్కుతూ రాప్ పాడుకుంటారు.

ఒకప్పుడు నార్సింగి అంటే గండిపేట చెరువుకు పిక్నిక్ వెళ్లేటప్పుడు దారిలో తగిలే ఊరు. ఇప్పుడు ఒకవైపు కోకాపేట, మరోవైపు పుప్పాలగూడ, మణికొండ... అన్నీ ఆకాశాన్నంటే మేడలే. ఇటు ఐటీ వాళ్లు, అటు సినిమావాళ్లు ఒకే లిఫ్టులో ఎక్కి దిగుతుంటారు. పగలు కోడింగు చేసే కుర్రాడికి రాత్రి పాట మీదికి మనసు పోవడంలో వింతేముంది?

అలాంటి కుర్రాడొకడున్నాడనుకోండి. రెండేళ్లు కష్టపడి పన్నెండు పాటలు రికార్డు చేశాడు. ఏడు నచ్చాయి. మూడింటిలో ప్రాస కుదరలేదు, మళ్లీ రాయాలి. ఒకటి ఎవరినో అనుకరించినట్టుంది, తీసేయాలి. ఇక మిగిలింది... నాన్నతో గొడవపడిన రాత్రి కోపంలో పాడింది. అది ఎవరికీ వినిపించడు. ఎప్పటికీ! అయినా చెరిపెయ్యడానికి చెయ్యి రాలేదు. మిక్సింగ్ కోసమని మొత్తం ఫైళ్లన్నీ ఒక స్నేహితుడికి పంపాడు. కొన్నాళ్లకు ఓ ఉదయం ఆఫీసులో పక్క సీటు అమ్మాయి ‘కంగ్రాట్స్’ అంది. ఎందుకని అడిగితే ఫోన్ చూపించింది. పన్నెండు పాటల ఆల్బమ్. అట్ట మీద అతని పేరు, అతని ఫొటో. నాన్న మీద పాట కూడా ఉంది!

పాటలు అతనివే. గొంతు అతనిదే. ఒక్క మాట కూడా అబద్ధం కాదు. కానీ ‘విడుదల చెయ్యి’ అని మాత్రం అతను అనలేదు. సాయంత్రం ఇంటికెళ్లి నాన్న ముఖం ఎలా చూడాలి?

ఈ కుర్రాడు మన ఊహే. కానీ ఇలాంటి ఆల్బమ్‌లు నిజంగా వచ్చాయి. కళాకారులు వద్దంటున్నా, అసలు అడగకుండానే వచ్చాయి. మన తెలుగు పాటలకూ ఆ బాధ తప్పలేదు.

బీటు మారింది... మాట మిగిలింది

ముందు రాప్ పుట్టినింటికే వెళ్దాం. జీన్ గ్రే అనే రాపర్ పుట్టింది దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో, పెరిగింది న్యూయార్క్‌లో. తల్లిదండ్రులిద్దరూ పేరున్న జాజ్ సంగీతకారులు. 2004లో నైన్త్ వండర్ అనే సంగీత దర్శకుడితో కలిసి ‘జీనియస్’ అనే ఆల్బమ్ తయారుచేసుకుంటుండగా, అది కాస్తా ముందే ఇంటర్నెట్‌లోకి పాకిపోయింది. దాంతో ఆల్బమ్ మూలన పడింది. మళ్లీ పద్ధతిగా బయటికి వచ్చేసరికి 2008. అంటే నాలుగేళ్లు!

సరిగ్గా అదే ఏడాది ‘ది ఈవిల్ జీనియస్’ పేరుతో ఇంకో ఆల్బమ్ మార్కెట్లోకి దిగింది. బేబీగ్రాండ్ అనే రికార్డింగ్ కంపెనీ విడుదల చేసింది. అందులో గొంతు జీన్ గ్రేదే. కానీ ఆ గొంతు వెనక వాయించిన సంగీతం మాత్రం ‘బ్లూ స్కై బ్లాక్ డెత్’ అనే జంటది. అంతకుముందు పాడిన మాటలను విడదీసి, కొత్త బీట్ల మీద అతికించారన్నమాట. దానికి తన అనుమతి లేదని జీన్ గ్రే బయటికే చెప్పేశారు.

ఇదెలా సాధ్యం అంటారా? రాప్‌లోనే ఉంది కిటుకు. మన సినిమా పాటలో మాట బాణీని అంటిపెట్టుకుని ఉంటుంది. దాన్ని ఊడబెరికి వేరే బాణీలో పెడితే అతకదు. రాప్ అలా కాదు. మాటకు లయ ఉంటే చాలు. స్టూడియోలో గొంతును ఒక ఫైలుగా, డ్రమ్ములను ఒక ఫైలుగా, కీబోర్డును ఇంకో ఫైలుగా దాస్తారు. గొంతు ఫైలొక్కటి చేతికి దొరికితే దాన్ని ఎన్ని బీట్ల మీదైనా కూర్చోబెట్టవచ్చు. కొంచెం వేగం పెంచితే కోపం, కాస్త తగ్గిస్తే దిగులు.

అసలు చిక్కు అక్కడే. రాప్‌లో రాసేదీ పాడేదీ సాధారణంగా ఒక్కరే. ‘నేను’ అంటూ తన కథే చెప్పుకుంటారు. సినిమా పాటలో హీరో బాధ పడితే అది కథలోని పాత్ర బాధ అని మనకు తెలుసు. రాప్‌లో ‘మా నాన్న’ అంటే నిజంగా నాన్నే! ఆ మాటల కింద ఎలాంటి సంగీతం పెట్టాలి, అసలు పెట్టాలా వద్దా అన్నది ఆ మనిషి చేతిలో లేకపోతే, ఒకరి డైరీని మైకులో చదివి వినిపించినట్టే.

పోయాక వచ్చిన పాటలు

తుపాక్ షకూర్ పేరు రాప్ వినే మీ పిల్లల్ని అడగండి, చెబుతారు. 1996 సెప్టెంబరులో లాస్ వేగాస్‌లో కాల్పులకు బలైపోయాడు. అప్పటికి వయసు పాతికే. బతికుండగా వచ్చిన సోలో ఆల్బమ్‌లు నాలుగు. పోయాక వచ్చినవి ఆరు! స్టూడియోలో కూర్చుంటే గుక్క తిప్పుకోకుండా పాటలు రికార్డు చేసే అలవాటు ఉండేది కాబట్టి అంత సరుకు మిగిలింది. తల్లి అఫెనీ షకూర్ ఆ పాటల మీద హక్కుల కోసం రికార్డింగ్ కంపెనీతో పోరాడి, వాటిలో చాలావాటిని తన పర్యవేక్షణలోనే విడుదల చేయించారు. కన్నతల్లి దగ్గరుండి చేయించినవే కదా, ఇక పేచీ ఏముంది అనుకోవచ్చు. కానీ 2004లో వచ్చిన ‘లాయల్ టు ద గేమ్’ విన్న అభిమానులే నొచ్చుకున్నారు. కొత్త బీట్లకు సరిపోయేలా తుపాక్ గొంతు వేగాన్ని మార్చేశారని వాళ్ల ఫిర్యాదు. ఆ బీట్లు చేసిందెవరో కాదు, తుపాక్‌ను ఎంతో అభిమానించే ఎమినెమ్!

అలాగని చనిపోయాక వచ్చిన ప్రతిదీ తప్పేనా? మన ఘంటసాల భగవద్గీతను గుర్తు చేసుకోండి. ఆ రికార్డు జనం చేతికి వచ్చేసరికి ఆయన లేరు. 1974 ఫిబ్రవరిలో కన్నుమూశారు. అయినా తెల్లవారుజామున గుడి మైకులో అది వినిపిస్తే ఎవరికీ మనసులో ముల్లు గుచ్చుకోదు. ఎందుకంటే అది జనం వినాలని ఆయనే కోరి పాడినది. వినపడడానికి ఆయన ఉన్నారా లేరా అన్నది వేరే విషయం. మాస్టారు వద్దని పక్కన పెట్టిన టేకు ఒకటి దొరికిందని, దాన్ని ఎవరో అమ్మకానికి పెట్టారని అనుకోండి. అప్పుడు మనకు ఎలా ఉంటుంది?

సొంత ఇంట్లోనే దొంగ

తుపాక్ గొంతును మార్చాడని మాట పడ్డ ఎమినెమ్‌కే అంతకుముందు ఏడాది అలాంటి దెబ్బ తగిలింది. 2003లో అతను ఇంకా చెక్కుతున్న పాటలు కొన్ని బయటికి పొక్కాయి. వాటిని ‘స్ట్రెయిట్ ఫ్రమ్ ద ల్యాబ్’ పేరుతో అనధికార సీడీగా తిప్పేశారు. 2004 నవంబరులో అసలు ఆల్బమ్ ‘ఎంకోర్’ వచ్చింది. అది తాను అనుకున్న స్థాయిలో లేదని ఎమినెమ్ తర్వాత స్వయంగా ఒప్పుకున్నాడు. లీకైన పాటలను పక్కన పెట్టి, హడావుడిగా కొత్తవి రాసుకోవాల్సి వచ్చిందట. కాబట్టి ‘లీకైతే ఏం పోయింది, ఎలాగూ విడుదలయ్యేదే కదా’ అనేవాళ్లకు ఇదో సమాధానం. కొన్నిసార్లు విడుదలయ్యేదే మారిపోతుంది!

ఆ తర్వాత జాగ్రత్త పడకుండా ఉంటాడా? పాటలున్న హార్డ్‌డ్రైవులకు పాస్‌వర్డు పెట్టి, స్టూడియోలో సేఫ్‌లో దాచారు. అయినా ఆగలేదు. 1999 నుంచి 2018 మధ్య తయారై ఎన్నడూ విడుదల కాని పాటలు 2025 జనవరిలో ఇంటర్నెట్‌లో ప్రత్యక్షమయ్యాయి. మార్చిలో అమెరికా ప్రభుత్వం ఆ స్టూడియోలో ఇంతకుముందు పనిచేసిన సౌండ్ ఇంజినీరు మీద కేసు పెట్టింది. పాతికకు పైగా పాటలను దాదాపు 50 వేల డాలర్ల విలువైన బిట్‌కాయిన్లకు అమ్మాడన్నది ఆరోపణ. మన లెక్కలో 43 లక్షల రూపాయలు!

కొన్నది ఎవరనుకున్నారు? ఎమినెమ్ అంటే గిట్టనివాళ్లు కాదు. వీరాభిమానులు. తలా కొంత వేసుకుని పోగుచేసి మరీ కొన్నారు. ఎవరూ వినని పాట తాము వినాలన్న ఆశ.

అభిమానం అంటే మనకు కొత్తగా చెప్పాలా!

ప్రేమికుల రోజుకు రెండు రోజుల ముందు...

2022 ఫిబ్రవరి. మహేశ్‌బాబు ‘సర్కారు వారి పాట’ నుంచి మొదటి పాట ‘కళావతి’ని ప్రేమికుల రోజున విడుదల చేస్తామని ప్రకటించారు. సంగీతం తమన్, రాసింది అనంత శ్రీరామ్, పాడింది సిద్ శ్రీరామ్. అభిమానులు రోజులు లెక్కపెడుతున్నారు. తీరా 12వ తేదీనే పాట వాట్సాప్‌లో చక్కర్లు కొట్టడం మొదలైంది! మనలో ఎంతమంది దాన్ని ‘ఫస్ట్ మన గ్రూపులోనే’ అంటూ పంపుకోలేదు చెప్పండి? చేసేదేమీ లేక నిర్మాతలు ఒకరోజు ముందుగా, 13నే పాటను విడుదల చేశారు. తమన్ తన ఆవేదనంతా ఆడియో సందేశంగా పంచుకున్నారు. విన్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది, కోపం కంటే బాధే ఎక్కువగా వినిపించింది ఆ గొంతులో.

అదృష్టం ఏమిటంటే ఆ పాట అప్పటికే పూర్తయింది. జనం విన్నది దాదాపు అసలు పాటే. ఇంటింటా మారుమోగింది కూడా.

రామ్‌చరణ్ ‘గేమ్ ఛేంజర్’లోని ‘జరగండి’కి ఆ అదృష్టం దక్కలేదు. 2023 సెప్టెంబరులో ఆ పాట బయటికొచ్చింది. వచ్చింది పూర్తయిన పాట కాదు, నాసిరకం ఆడియో. శంకర్ సినిమా, తమన్ సంగీతం అంటే అంచనాలు ఎలా ఉంటాయో తెలిసిందే. ఇక చూడాలి వెటకారాలు! ఇది శంకర్ స్థాయి పాటేనా అని, తమన్ ఇలా చేశాడేమిటని... సగం ఉడికిన పులుసులో వేలు పెట్టి నాకి, ఉప్పు లేదని వంటమనిషిని తిట్టినట్టు. నిర్మాణ సంస్థ శ్రీ వెంకటేశ్వర క్రియేషన్స్ సైబర్ క్రైమ్ పోలీసులకు ఫిర్యాదు చేసింది. నవంబరులో ఇద్దరిని అరెస్టు చేశారు. ఆ దీపావళికే విడుదల చేస్తామన్న పాట వాయిదా పడి, చివరికి రామ్‌చరణ్ పుట్టినరోజున, 2024 మార్చి 27న వచ్చింది. దలేర్ మెహందీ, సునిధి చౌహాన్ పాడారు. కానీ ఆరునెలల కిందటే మనసులో తీర్పు రాసేసుకున్నవాళ్లు దాన్ని కొత్తపాటలా ఎలా వింటారు? మొదటిసారి వినడం అన్నది ఒక్కసారే కదా జరిగేది!

‘అత్తారింటికి దారేది’ మాటేమిటంటారా? అవును, 2013 సెప్టెంబరులో దాదాపు గంటన్నర సినిమా ముందే బయటపడింది. కృష్ణా జిల్లా పెడనలో సీడీలు దొరికాయి. అక్టోబరు 9న రావాల్సిన సినిమాను సెప్టెంబరు 27కే తెచ్చారు. అయినా బ్రహ్మాండంగా ఆడింది. దాన్ని చూపించి ‘లీకు వల్ల నష్టం లేదు’ అని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నన్నడిగితే అది ఇల్లు తగలబడ్డా బీరువా మిగిలిందని సంతోషించడం లాంటిది. పైగా ఆ సినిమాకు వెనక పవన్‌కల్యాణ్ ఉన్నారు, పెద్ద నిర్మాత ఉన్నారు, ఊరూరా అభిమానులు ఉన్నారు. మన నార్సింగి కుర్రాడి వెనక ఎవరున్నారు?

ఇక్కడో సొంత గోడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను రాస్తూ రాస్తూ ఆపిన కథనం ఒకటి పొరపాటున పేజీకెక్కేసింది. మధ్యలో నా కోసం నేను రాసుకున్న ‘ఇక్కడ ఊరి పేరు కనుక్కోవాలి’ అన్న ముక్కతో సహా అచ్చయింది! కింద నా పేరు మాత్రం శుభ్రంగా ఉంది. ఆ ఆదివారం నాకు అన్నం సయించలేదు. పత్రిక మర్నాడు పాతబడుతుంది కాబట్టి బతికిపోయాను. పాటకు ఆ వెసులుబాటు లేదు.

ట్రాకు పాడిన గొంతులు

తెలుగు సినిమాలో ట్రాకు పాడటం అని ఒకటుంది. మీకు తెలిసే ఉంటుంది. పెద్ద గాయకులు వచ్చేలోగా బాణీ ఎలా ఉందో చూసుకోవడానికి ఒక కుర్రాడితోనో అమ్మాయితోనో పాడిస్తారు. ఒక్కోసారి ఒకే పాటను ముగ్గురు నలుగురితో పాడించి చూస్తారు. చివరికి సినిమాలో ఉండేది ఒక్క గొంతే. మిగతావి హార్డ్‌డిస్కులో నిద్రపోతాయి. ట్రాకు బాగుందని అలాగే ఉంచేస్తే ఆ గాయకుడి దశ తిరిగినట్టే. తీసేస్తే ఇంట్లో కూడా చెప్పుకోరు. అలా నిద్రపోతున్న గొంతులు ఎన్ని ఉంటాయో! అవన్నీ ఎవరివి? పాడినవాళ్లవా, పాడించినవాళ్లవా, హార్డ్‌డిస్కు కొన్నవాళ్లవా?

ఇంతలో ఇంకో వింత వచ్చిపడింది. ఇప్పుడు ట్రాకు కూడా అక్కర్లేదు. అసలు పాడకుండానే పాట!

2023 నవంబరులో తరుణ్ భాస్కర్ తీసిన ‘కీడా కోలా’ విడుదలైంది. సంగీతం వివేక్ సాగర్. అందులో వినిపించిన ఒక గొంతు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యంది. బాలు మనల్ని విడిచి వెళ్లింది 2020 సెప్టెంబరు 25న. మరి 2023లో ఎలా పాడారు? కృత్రిమ మేధతో ఆ గొంతును మళ్లీ పుట్టించారు. 2024 జనవరిలో బాలు కుమారుడు చరణ్ ఆ సినిమా నిర్మాతలకు, సంగీత దర్శకుడికి లాయరు నోటీసు పంపారు. క్షమాపణ చెప్పాలని, కోటి రూపాయల పరిహారంతో పాటు రాయల్టీలో వాటా ఇవ్వాలని అడిగారు. డబ్బు మాట అలా ఉంచండి. ఆ కుటుంబం నొచ్చుకున్నది ముఖ్యంగా ఒక్క విషయానికి. తమను అడగలేదని.

అదే నెలలో తమిళంలో ‘లాల్ సలామ్’ కోసం ఏఆర్ రెహమాన్ కూడా ఇలాంటి పనే చేశారు. చనిపోయిన ఇద్దరు గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్‌ల గొంతులను కృత్రిమ మేధతో ఒక పాటలో వాడారు. కానీ ముందే ఆ కుటుంబాల అనుమతి తీసుకున్నామని, తగిన పారితోషికం కూడా పంపామని ఆయనే ప్రకటించారు. షాహుల్ హమీద్ ఎవరంటే... మనలో చాలామంది మొట్టమొదట రాప్ విన్నది 1994లో వచ్చిన ‘ప్రేమికుడు’ సినిమాలో కదా! దాని తమిళ మాతృక ‘కాదలన్’లో ఆ రాప్ పాట పాడిన గొంతుల్లో ఆయనదీ ఒకటి. అక్కణ్నుంచే ‘రాప్ అంటే వేగంగా మాట్లాడటం’ అని మనకు తెలిసింది. ఆ తర్వాత నోయల్, రోల్ రైడా లాంటివాళ్లు దాన్ని తెలుగు చేశారు. ‘మియా భాయ్’ అంటూ రుహాన్ అర్షద్ హైదరాబాదీ యాసలో దుమ్ము దులిపాడు.

అనుమతి ఇచ్చింది కుటుంబమే తప్ప పాడినవాళ్లు కాదు కదా అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. బాలు ఉంటే ఒప్పుకునేవారా? ఏమో! ఒక పాట ఒప్పుకుని ఇంకోటి కాదనేవారేమో. ఆ ‘ఏమో’కు జవాబు చెప్పగలిగిన మనిషి లేనప్పుడు, ఆయన్ని బాగా ఎరిగినవాళ్లనైనా అడగాలి. అదీ చేయకపోతే ఇక మిగిలేది సాఫ్ట్‌వేరొక్కటే.

చట్టం ఏమంటోంది?

మన కాపీరైటు చట్టం 1957 నాటిది. 2012లో పెద్ద సవరణ చేశారు. పాట రాయగానే, బాణీ కట్టగానే హక్కు దానంతట అదే పుడుతుంది. ఎక్కడా రిజిస్టరు చేయించక్కర్లేదు. చేయిస్తే కోర్టులో సాక్ష్యంగా పనికొస్తుంది, అంతే. ఆ పాటను మొట్టమొదట జనంలోకి వదిలే హక్కు కూడా అందులో భాగమే. అంటే ‘ఇంకా వద్దు’ అనడం కళాకారుల మొండితనం కాదు, చట్టం ఇచ్చిన హక్కు.

57వ సెక్షను గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. హక్కులన్నీ అమ్మేసుకున్నా సరే, తన రచనను పరువు పోయేలా వక్రీకరిస్తే అడ్డుకునే అధికారం రచయితకు ఉంటుంది. పాడినవాళ్లకు 38బి సెక్షను అలాంటి రక్షణే ఇస్తుంది. గొంతు తీసి ఇంకెక్కడో అతికిస్తే ఈ సెక్షన్లు అక్కరకొస్తాయి. తెలిసి తెలిసి కాపీరైటును ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా.

సినిమాకు పాడినవాళ్ల సంగతి కాస్త వేరు. సినిమాలో వాడుకోవడానికి రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఆ తర్వాత అభ్యంతరం చెప్పడానికి వీల్లేదు, ఒప్పందంలో వేరేలా రాసుకుంటే తప్ప. వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీ మాత్రం రావాలి. ఇక గొంతునే నకలు చేయడం గురించి 1957లో ఎవరు ఊహించారు! కోర్టులే ఒక్కో అడుగూ వేస్తున్నాయి. 2024 జులైలో అర్జిత్ సింగ్ గొంతును కృత్రిమ మేధతో సృష్టించే సంస్థలను బాంబే హైకోర్టు ఆపింది. 2025లో చిరంజీవి తన పేరు, రూపం, గొంతు అనుమతి లేకుండా వాడకూడదంటూ హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చుకున్నారు.

చిరంజీవి తెచ్చుకోగలరు. అర్జిత్ తెచ్చుకోగలరు. ‘జరగండి’కి దిల్ రాజు లాంటి నిర్మాత ఉన్నారు కాబట్టి ఫిర్యాదు వెళ్లింది, అరెస్టులు జరిగాయి. సొంతంగా పాడుకునేవాళ్లకు లాయరు ఫీజు కంటే మైకే ఖరీదు తక్కువ! పైగా చాలాసార్లు ఎదుటివాడు దొంగ కాడు. నిన్నటిదాకా రాత్రి రెండింటికి కలిసి టీ తాగిన స్నేహితుడే. ‘బీటు నేను చేశాను, మిక్సింగ్ నేను చేశాను, నాకూ భాగం ఉంది’ అంటాడు. అందులోనూ నిజం ఉంటుంది. బీటు కట్టినవాడికి బీటు మీద హక్కు ఉంటుంది. గొంతు మీద ఉండదు. ఈ చిన్న తేడా ఎవరూ ముందు మాట్లాడుకోరు. మాట్లాడితే స్నేహం చెడుతుందని మొహమాటం. మాట్లాడకపోతేనే చెడుతుందని తెలిసేసరికి ఆల్బమ్ బయటికి వచ్చేసి ఉంటుంది.

ఇంట్లో ఇలాంటి కుర్రాడో అమ్మాయో ఉంటే, చట్టం గురించి రెండు ముక్కలు వాళ్ల చెవిన వేయండి. హక్కులు ఇంకొకరికి రాసిచ్చేది కాగితం మీదే చెల్లుతుంది. నోటిమాట చెల్లదు. ఎన్నాళ్లకో రాయకపోతే ఐదేళ్లకే లెక్క. ఏ దేశాలకో రాయకపోతే మనదేశానికే. రాయించుకున్నవాళ్లు ఏడాదిలోగా ఆ హక్కును వాడుకోకపోతే అది తిరిగి మీదే, ఒప్పందంలో వేరే గడువు లేకపోతే. ఇవన్నీ 19వ సెక్షనులోనే ఉన్నాయి. ఏళ్ల తరబడి ఎవరి హార్డ్‌డిస్కులోనో మూలుగుతున్న పాటల వాళ్లు ఆ చివరి ముక్కను రెండుసార్లు చదువుకోవడం మంచిది.

ఇంకా తేలికైన పని ఉంది. మిక్సింగ్‌కు అన్ని పాటలూ ఎందుకు పంపాలి? ఆ వారం పని జరిగేవే పంపితే చాలదా? గొంతు ఫైళ్లు విడిగా తన దగ్గరే ఉంచుకోవచ్చు. పంపేటప్పుడు మెయిల్లో రెండు వాక్యాలు రాసి, అవతలివాళ్ల చేత ‘సరే’ అనిపించుకోవచ్చు. ఇవి మిక్సింగ్ కోసమే పంపుతున్నాను, నేను రాసి ఒప్పుకునేదాకా ఎక్కడా పెట్టకూడదు, అని. నాన్న మీద పాడిన పాటను మాత్రం ఆ ఫోల్డరులోంచి ముందే తీసేయాలి.

ఇదంతా కలిపి పది నిమిషాల పని. ఆపిన ఫ్యాను మళ్లీ వేసుకుని, చెమట ఆరేలోగా అయిపోతుంది.